చెయ్యీ కాలూ ఒకే గుణింతమా? సీరియల్ హోమాలజీ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నై వెస్ట్ మాంబళంలో మా ఇంటి మేడ మీద సాయంత్రం పూట ప్లస్ వన్, ప్లస్ టూ పిల్లలకి జువాలజీ చెబుతాను. ఎక్కువమంది తెలుగువాళ్లే. కొందరు నెల్లూరు, సూళ్లూరుపేట వైపు పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చారు. కొందరు ఇక్కడే పుట్టారు. ఇంట్లో తెలుగు, బస్సులో తమిళం, పరీక్షలో ఇంగ్లీషు. ఎవరెలా వచ్చినా ఈ పాఠం దగ్గర అడిగేవి మాత్రం ఏటా అవే ప్రశ్నలు. అందుకే ఈసారి రాసిపెడుతున్నాను. పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చి మెట్ల మీద నిలబడి తల్లిదండ్రులు అడిగినవి కూడా ఇందులో కలిపాను.

సీరియల్ హోమాలజీ అంటే ఏమిటి? ఒక్క ముక్కలో చెప్పండి.

ఒకే జంతువు ఒంట్లో ఒకే రకం భాగం వరుసగా మళ్లీ మళ్లీ వచ్చి, ఒక్కో చోట ఒక్కో పనికి తగ్గట్టు రూపు మార్చుకోవడం. వెన్నుపూసలు, పక్కటెముకలు, పళ్లు, రొయ్య కాళ్లు, సీతాకోకచిలుక ముందు రెక్కలూ వెనక రెక్కలూ అన్నీ ఈ కోవలోవే.

నేను గుణింతంతో పోలుస్తాను. క, కా, కి, కీ అని రాస్తూ పోతే అక్షరం అదే, గుర్తు మారుతుంది. చదివేటప్పుడు వేరే శబ్దం, చూస్తే లోపల అదే 'క'. తెలుగు రాయడం రాని పిల్లలకి ఈ పోలిక పనికిరాదు. వాళ్లకి రైలు పెట్టెలు చెబుతాను, కానీ అది గుణింతమంత బాగా కుదరదు.

పదో తరగతిలో చదివిన నిర్మాణసామ్య అవయవాలు ఇవే కదా?

కావు. కలిసిపోయేది ఇక్కడే. మనిషి చెయ్యి, గబ్బిలం రెక్క, తిమింగలం తెడ్డు ఒకదానికొకటి నిర్మాణసామ్యం. అంటే వేర్వేరు జంతువుల్లో అదే అవయవం. వాటన్నిటికీ ఒక ఉమ్మడి పూర్వీకుడు ఉన్నాడు, ఆ పూర్వీకుడికి ఒక ముందుకాలు ఉంది.

సీరియల్ హోమాలజీలో రెండో జంతువు ఉండదు. నా చెయ్యి, నా కాలు. నా మెడపూస, నా నడుంపూస. పోలిక నా ఒంట్లోనే.

ఈ రెండిటినీ విడదీసి పేర్లు పెట్టింది లండన్ శాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్. 1843లో హోమాలజీకి నిర్వచనం ఇచ్చి, 1848లో వెన్నెముక జంతువుల అస్థిపంజరం మీద రాసిన పుస్తకంలో దాన్ని మూడు రకాలుగా చేశాడు, మూడోది ఇది. డార్విన్ పుస్తకం రావడానికి ఇంకా పదకొండేళ్లుంది. ఓవెన్ దృష్టిలో ఇదంతా ఒక ఆదర్శ నమూనాకి నకళ్లు. ఆ తరవాత ప్రకృతివరణాన్ని ఒప్పుకోక డార్విన్‌తో పేచీ పడ్డాడు. మనిషి సంగతి ఎలా ఉన్నా, పెట్టిన పేరు మాత్రం నిలబడింది.

చెయ్యి, కాలు ఒకే అచ్చు అంటారు. మాకు అలా కనిపించదే?

లేచి నిలబడండి. నిజంగానే లేవాలి, క్లాసులో అందరినీ లేపుతాను.

చెయ్యి పై భాగంలో ఒక్క ఎముక, తొడలో ఒక్క ఎముక. మోచేతి కింద రెండు, మోకాలి కింద రెండు. తరవాత చిన్న ఎముకల గుంపు: మణికట్టులో 8, చీలమండ దగ్గర 7. అరచేతిలో 5, పాదంలో 5. వేళ్లకి వస్తే బొటనవేలికి 2, మిగతా నాలుగు వేళ్లకీ తలా 3, మొత్తం 14. కాలికి కూడా సరిగ్గా అంతే. కాలి చిటికెన వేలు అంత చిన్నదిగా ఉండి కూడా మూడు ఎముకల లెక్క వదులుకోదు (కొందరిలో చివరి రెండూ అతుక్కుని ఉంటాయి).

"మరి మోచెయ్యి వెనక్కి చూస్తోంది, మోకాలు ముందుకి చూస్తోంది కదా మేడమ్?" అని ఎవరో ఒకరు అడిగే తీరతారు. మంచి ప్రశ్న. కడుపులో ఉన్నప్పుడు చెయ్యీ కాలూ రెండూ పక్కకి చాచిన చిన్న తెడ్ల లాగా మొలుస్తాయి. తరవాత చెయ్యి ఒక దిక్కుకి, కాలు దానికి ఎదురు దిక్కుకి తిరుగుతాయి. అరచేతులు ముందుకి పెట్టి నిలబడితే చేతి బొటనవేలు బయటి వైపు ఉంటుంది, కాలి బొటనవేలు లోపలి వైపు. ఆ తిరుగుడు గుర్తు ఇంకా మన ఒంట్లో అలాగే ఉంది.

మోకాలి చిప్పకి మాత్రం చేతిలో సరిజోడు లేదు. అన్నీ అచ్చుగుద్దినట్టు ఉండాలని పట్టుబడితే ఈ పాఠం ముందుకి సాగదు.

అయితే కాలు నుంచి చెయ్యి వచ్చిందా?

లేదు. ఈ ఒక్క ముక్క సరిగ్గా అర్థమైతే చాలు, మిగతాది నేను పట్టించుకోను. ఎందుకంటే ఇదే తప్పు నేనూ చేశాను. చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో "చెయ్యీ కాలూ అన్నదమ్ములు" అని బోర్డు మీద రాశాను. వెనక వరసలోంచి ఒక పిల్ల "వాళ్ల అమ్మ ఎవరు మేడమ్?" అంది. నాకు నోట మాట రాలేదు.

అమ్మ లేదు. చెయ్యికీ కాలికీ మూలమైన ఒక అవయవం ఏ పూర్వీకుడికీ ఉన్నట్టు లేదు. శిలాజాల్లో చూస్తే దవడలు లేని కొన్ని పురాతన చేపలకి ముందు జత రెక్కలు ఉన్నాయి, వెనక జత లేవు. ముందు ఒక జత వచ్చింది, దాన్ని తయారుచేసే జన్యువుల పనివిధానాన్నే తరవాత ఇంకో చోట వాడుకుంది శరీరం. పంచుకున్నది అవయవాన్ని కాదు, దాన్ని చేసే పద్ధతిని. పైగా చేపల్లో ముందు రెక్కకీ వెనక రెక్కకీ ఎముకల పోలిక అంతంత మాత్రమే. చేతికీ కాలికీ ఇంత దగ్గరి పోలిక రెక్కలు కాళ్లుగా మారే కాలంలో బలపడిందని కొందరి వాదన. ఆ వాదన ఇంకా తెగలేదు. నాకైతే అదే నిజమనిపిస్తుంది.

పద్ధతి ఒకటే అయినప్పుడు ఏది చెయ్యో ఏది కాలో ఎలా తేలుతుంది? అదే గుణింతం గుర్తు. ముందు జతలో టీబీఎక్స్5 అనే జన్యువు, వెనక జతలో టీబీఎక్స్4, దాని పైన పిట్ఎక్స్1 పనిచేస్తాయి. 1999లో కోడి పిండంలో రెక్క మొలిచే చోట పిట్ఎక్స్1 పనిచేసేలా చేస్తే ఆ రెక్కకి కాలి పోలికలు వచ్చాయి. పల్లావరం శుక్రవారం సంతకి వెళ్తే కాళ్ల నిండా ఈకలున్న పావురాలు కనిపిస్తాయి, గజ్జెలు కట్టినట్టు ముద్దుగా ఉంటాయి. వాటి కథ తిరగేసి: కాలి మొగ్గలో పిట్ఎక్స్1 తగ్గి, రెక్కకి చెందిన టీబీఎక్స్5 పని మొదలుపెట్టింది. అంటే అవి కాళ్ల మీద ఊరికే మొలిచిన ఈకలు కావు, కాలు కొంచెం రెక్క కాబోయింది.

ఎప్పుడూ రొయ్యనే ఎందుకు తెస్తారు?

చవక, దొరుకుతుంది, పాఠం అయ్యాక వండుకోవచ్చు. నిజమైన కారణం వేరే: రొయ్యంత శుభ్రంగా ఈ సంగతి చూపించే జంతువు ఇంకోటి నాకు తెలియదు.

ఆదివారం పొద్దున్నే చింతాద్రిపేట చేపల మార్కెట్‌కి వెళ్లి పెద్ద టైగర్ రొయ్యలు ఏరుకుంటాను. కాళ్లు విరగనివి కావాలి. నేను ఒక్కొక్కదాన్నీ తిరగేసి చూస్తుంటే అమ్మే ఆవిడకి ఒళ్లు మంట. "ఏంక్కా, ఎరా (రొయ్య) కొనడానికి వచ్చినావా, కాళ్లు లెక్కపెట్టడానికి వచ్చినావా?" అంటుంది. రెండోదే అని చెబితే ఇంకా కోపం వస్తుందని నవ్వేసి ఊరుకుంటాను. ఒకసారి తొందరలో ఐసులో నలిగినవి తెచ్చాను. క్లాసులో లెక్క పదిహేడు జతల దగ్గర ఆగిపోయింది. ఒక కుర్రాడు పుస్తకమే తప్పని గంటసేపు వాదించాడు.

స్టీలు పళ్లెంలో రొయ్యని వెల్లకిలా పడుకోబెట్టండి. కనుబొమ్మలు తీసుకునే చిన్న పట్టకారుతో తల దగ్గర్నుంచి ఒక్కో ఉపాంగాన్నీ మొదలంటా పీకి, పాత పేపరు మీద వరసగా పేర్చండి. ముందు రెండు జతల మీసాలు. తరవాత నోటి దగ్గర గట్టి దవడ ఒక జత, దాని వెనక పల్చటి రేకుల్లాంటివి రెండు జతలు. ఆ పైన తిండిని నోటికి అందించే కాళ్లు మూడు జతలు. నడిచే కాళ్లు ఐదు జతలు. పొట్ట కింద ఈత కాళ్లు ఐదు జతలు. చివర తోక విసనకర్రలో పక్క రేకులు ఒక జత. మొత్తం 19 జతలు. ఖండితానికి, అంటే ఒంట్లో వరసగా ఉండే ఒక్కో ముక్కకి, ఒక జత చొప్పున.

శాస్త్రం ఈ జాతికి 'పది కాళ్లవి' అని అర్థం వచ్చే పేరు పెట్టింది. మిగతా 28 ఆ పేరులో లెక్కకి రాలేదు పాపం.

ఇప్పుడు ఈత కాలు ఒకటి తీసి వెలుతురుకి ఎత్తి పట్టుకోండి. అడుగున ఒక కాడ, దాని కొసన రెండు కొమ్మలు చీలి ఉంటాయి. ఇదే మూలరూపం, మన 'క'. నడిచే కాలి దగ్గరికి వచ్చేసరికి లోపలి కొమ్మ పొడుగై కీళ్లు కట్టింది, బయటి కొమ్మ దాదాపు మాయమైంది. తోక దగ్గర రెండు కొమ్మలూ వెడల్పాటి రేకులయ్యాయి. పేర్చిన వరసని ఒక చివర్నుంచి ఇంకో చివరికి చూస్తూ వెళ్తే, దవడ కాస్తా కాలవుతూ, కాలు కాస్తా తెడ్డవుతూ కనిపిస్తుంది. ఇరవై ఏళ్లలో ఎన్నిసార్లు పేర్చానో, ప్రతిసారీ నాకు కాసేపు మాట రాదు.

వీలైతే పక్కన నీలకంఠ రొయ్యని కూడా పెట్టండి. టైగర్ రొయ్యకి నడిచే కాళ్లలో మొదటి మూడు జతలకీ చిన్న చిన్న పటకార్లు ఉంటాయి. నీలకంఠకి రెండు జతలకే, అందులో రెండోది నీలంగా ఒంటి కంటే పొడుగ్గా సాగుతుంది. వరస అదే, సాగదీసిన చోటు వేరు.

పీతకి తోక లేదు కదా?

ఉంది. తిరగేస్తే పొట్టకి అంటుకుపోయిన మడత కనిపిస్తుంది, అదే. సన్నగా ఉంటే మగది, వెడల్పుగా ఉంటే ఆడది; మార్కెట్‌లో ఎవర్నడిగినా చెబుతారు. ఆ మడత ఎత్తితే లోపల ఉండేవి రొయ్య ఈత కాళ్లకి సరిజోడు. ఆడపీత వాటితో ఈదదు, గుడ్లు అంటించుకుని మోస్తుంది. నీలి పీతకి ఆఖరి జత నడిచే కాళ్లు చదునుగా తెడ్లయ్యాయి. రొయ్య పొట్ట కింది కాళ్లతో ఈదితే, ఇది నడిచే కాళ్లతో ఈదుతుంది.

జెర్రికి నిజంగా వంద కాళ్లుంటాయా?

సరిగ్గా వంద ఎప్పటికీ ఉండవు. ఎదిగిన జెర్రుల్లో జతల సంఖ్య ఎప్పుడూ బేసే. మన వైపు కనిపించే ఎర్ర జెర్రికి సాధారణంగా 21 జతలు, అంటే 42. వంద రావాలంటే 50 జతలుండాలి, అది సరిసంఖ్య.

ఇంకో సంగతి. జెర్రి కరిచింది అంటాం కానీ, అది నోటితో కరవదు. తల వెనక మొదటి జత కాళ్లే విషపు కొండ్లుగా మారాయి. నిజానికి అది మనల్ని కాలితో పొడిచింది. రోకలిబండ పురుగుకి అయితే చాలావరకు ఒక్కో ఉంగరానికి రెండు జతల కాళ్లుంటాయి, ఎందుకంటే ఆ ఉంగరం రెండు ఖండితాలు కలిసిపోయింది.

ఈగకి రెండే రెక్కలెందుకు? మిగతా పురుగులకి నాలుగు కదా?

ఈగకీ రెండో జత ఉంది, రెక్కలా లేదంతే. చచ్చిన ఈగనో పెద్ద దోమనో తెల్ల కాగితం మీద పెట్టి భూతద్దంతో చూడండి. రెక్క మొదలు వెనక, చిన్న గుండుసూది గుచ్చినట్టు తెల్లటి బుడిపె కనిపిస్తుంది. దాన్ని హాల్టీర్ అంటారు. ఎగిరేటప్పుడు అది రెక్కతో పాటు ఊగుతూ ఒళ్లు ఎటు తిరుగుతోందో ఈగకి చెబుతుంది. చేత్తో ఈగని కొట్టబోయి ప్రతిసారీ ఓడిపోవడంలో ఆ బుడిపెకీ వాటా ఉంది.

అది రెక్కకి సరిజోడని ఎలా తెలుసు? అమెరికాలో ఎడ్వర్డ్ లూయిస్ దశాబ్దాల పాటు పండు ఈగల్లో ఒకే జన్యుసముదాయాన్ని పట్టుకుని కూర్చున్నాడు. అక్కడ మార్పులు తెచ్చి హాల్టీర్ల స్థానంలో పూర్తి రెక్కలున్న నాలుగు రెక్కల ఈగని పుట్టించాడు. 1995లో నోబెల్ వచ్చింది, ఇంకో ఇద్దరితో కలిపి. ఇందులో ముఖ్యమైన జన్యువు పేరు అల్ట్రాబైథొరాక్స్. అది పనిచేసే చోట రెక్క రావలసింది హాల్టీర్ అవుతుంది. మన హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో ఎల్.ఎస్. శశిధర బృందం ఏళ్ల తరబడి పనిచేసింది ఈ బుడిపె మీదే. ఇంకో మార్పులో ఈగ తల మీద మీసాల స్థానంలో కాళ్లు మొలుస్తాయి. ఆ ఫొటో రాత్రి పూట చూడకండి.

ఇలా ఒక భాగం వరసలోని ఇంకో భాగంగా మారిపోవడానికి 1894లోనే విలియం బేట్సన్ హోమియోసిస్ అని పేరు పెట్టాడు, జన్యువు అనే మాటే లేని రోజుల్లో. హోమియోపతికీ దీనికీ సంబంధం లేదు. ఏటా ఒకరైనా అడుగుతారు.

మన దేశంలో ఇలాంటివి ఎవరైనా కనిపెట్టారా?

భువనేశ్వర్‌లో. ఉత్కళ్ విశ్వవిద్యాలయంలో ప్రియంబద మొహంతి హెజ్మాది, ఆవిడ సహచరులు ఒక రకం కప్ప తోకపిల్లల తోక కత్తిరించి, విటమిన్ ఎ కలిపిన నీళ్లలో ఉంచారు. తోక మళ్లీ పెరగాల్సిన చోట కాళ్లు మొలిచాయి! 1992లో నేచర్ పత్రికలో వచ్చింది. మరుసటి ఏడాది ఐరోపా కప్పలో కూడా అలాగే జరుగుతుందని చూపించారు. ఆవిడ పేరున్న ఒడిస్సీ నర్తకి కూడా. అది చెబితే మా క్లాసులో భరతనాట్యం నేర్చుకునే పిల్లలు నిటారుగా కూర్చుంటారు.

విటమిన్ ఎ మాత్రలు వేసుకుంటే మనకేమైనా మొలుస్తాయా అని మెట్ల మీద ఒకమ్మ టెన్షన్ పడుతూ అడిగారు. మొలవవు. కాకపోతే గర్భిణులు డాక్టర్ చెప్పకుండా విటమిన్ ఎ ఎక్కువ మోతాదులో వేసుకోకూడదనేది మాత్రం నిజం. పిండంలో ఏ భాగం ఎక్కడ రావాలో చెప్పే ఏర్పాటును అది తారుమారు చేయగలదు.

జిరాఫీ మెడలో ఎన్ని పూసలు?

ఏడు. మనకీ ఏడే, ఎలుకకీ ఏడే. ఎగ్మోర్ మ్యూజియంలో తిమింగలం అస్థిపంజరం ఉంది. మెడ లేనట్టే కనిపించే తిమింగలానికి కూడా ఏడే, పలకల్లా అణిగిపోయి ఉంటాయి. పాలిచ్చే జంతువుల్లో ఈ లెక్క తప్పేవి స్లాత్‌లు, మనాటీలు. అంతే.

మా ఆయన స్కాన్ రిపోర్టులో 'ఎల్5 శాక్రలైజేషన్' అని రాశారు. అది జబ్బా?

ముందుగా, నేను డాక్టర్‌ని కాదు. కానీ ఇదే మాట నా రిపోర్టులోనూ ఉంది. నడుంనొప్పికి స్కాన్ తీయించుకుంటే ఆ సెంటర్‌లో కవరు చేతిలో పెట్టి పంపేశారు. ఒక్క ముక్క చెప్పిన పాపాన పోలేదు. ఆ రాత్రంతా నిద్రపోలేదు, జువాలజీ టీచర్‌ని అయ్యుండి.

సంగతి ఇది. మనకి మెడలో 7, ఛాతీ వెనక 12, నడుములో 5 పూసలు. దాని కింద 5 కలిసిపోయి త్రికం, ఆ కింద తోక అవశేషం. అన్నీ ఒకే వరస, ఏ పూస ఏ రూపం తొడగాలో హాక్స్ జన్యువులు చెబుతాయి. సరిహద్దు దగ్గర ఒక పూస పక్కింటి రూపం కొంత తెచ్చుకోవడం అరుదేమీ కాదు. నడుం ఐదో పూస త్రికం పోలిక తెచ్చుకుని దానికి అతుక్కుంటే శాక్రలైజేషన్. మెడ చివరి పూసకి చిన్న పక్కటెముక మొలిచినవాళ్లూ ఉన్నారు. ఎలుకల్లో హాక్స్10 జన్యువులన్నీ తీసేస్తే నడుం పూసలకి కూడా పక్కటెముకలు వచ్చాయని 2003లో చూపించారు. అంటే పక్కటెముకలు మొలవడమే మామూలు, నడుములో ఆ జన్యువులు వాటిని ఆపుతున్నాయన్నమాట. శాక్రలైజేషన్ ఉన్న చాలామందికి అది ఉందని కూడా తెలియదు, ఏ బాధా ఉండదు. నొప్పి ఉంటే దానికి కారణం ఇదో కాదో ఎముకల డాక్టరే తేల్చాలి.

రెండు కళ్లు, రెండు చెవులు సీరియల్ హోమాలజీయేనా?

కాదు. అవి ఎడమ కుడి జోడీలు, అద్దంలో బొమ్మల్లాంటివి. వరస ఉండాలి. పళ్లు ఈ కోవలోకి వస్తాయి, వేళ్లూ వస్తాయి. ఆరో వేలు వరసలో ఒకటి ఎక్కువ రావడమే. అదృష్టమా అంటే నాకు తెలిసి జువాలజీలో ఆ చాప్టర్ లేదు.

నీట్‌లో అడుగుతారా?

ఈ పేరు పెట్టి నేరుగా అడగడం నేను చూడలేదు. నిర్మాణసామ్యం, క్రియాసామ్యం (పుట్టుక వేరైనా పని ఒకటే కావడం) అడుగుతారు. ఇది అర్థమైతే అవి తప్పు పెట్టరు.

మేం శాకాహారులం, రొయ్యని ముట్టుకోం. ఇంట్లో ఇంకేం చూడొచ్చు?

జంతువుల పాఠంలో పువ్వు చెబుతున్నానని నవ్వకండి. పూజకి కోసే మందారం చాలు. మొక్కల్లోనూ ఇదే సంగతి. ఆకులు, రేకులు, కేసరాలు ఒకే వరస అని 1790లోనే జర్మన్ కవి గేటే రాశాడు.

రేక మందారం ఒకటి, ముద్ద మందారం ఒకటి తెచ్చి పక్కపక్కన పెట్టండి. రేక మందారంలో ఐదు రేకులు, మధ్యలో పొడుగాటి గొట్టం, దాని నిండా పుప్పొడి తలలున్న కేసరాలు. ముద్ద మందారంలో ఆ కేసరాలే చాలావరకు రేకులైపోయాయి, ముద్దంతా అదే. బయటి రేకుల్ని ఒక్కొక్కటీ తీసి పడేస్తూ లోపలికి రండి. మధ్యకి వచ్చేసరికి ముడుచుకున్న చిన్న రేకులు తగులుతాయి. వాటిలో ఒకటో రెండో వేలి మీద పెట్టుకుని అంచు చూడండి: ఎర్రటి రేకే, కానీ పక్కన ఒక పసుపు పుప్పొడి తల ఇంకా అతుక్కునే ఉంటుంది.